కండక్టర్ సైదమ్మ నవ్వు

మిర్యాలగూడ నుంచి కోదాడ పోయే పొద్దుటి ఆర్డినరీ బస్సు ఎక్కేవాళ్లకు సైదమ్మ గొంతు బాగా తెలుసు. ఆడవాళ్లకు టికెట్టు డబ్బులు లేకుండా అయిన దగ్గర్నుంచి నేరేడుచర్ల రాకముందే బస్సు నిండిపోతుంది. అంత రద్దీలోనూ ఆమె ముందు మెట్టు దగ్గర నిలబడి, "జర ఎనకకు జరుగుండ్రమ్మా, గాడ పెండ్లి జేసేటంత జాగున్నది" అంటే చివరి సీటు దాకా వినబడుతుంది. వినబడ్డవాళ్లు నవ్వుకుంటూనే జరుగుతారు. హుజూర్‌నగర్ స్టాండులో కిటికీ దగ్గర కునుకు తీస్తున్న ముసలమ్మ కూడా ఆ గొంతుకు లేచి సంచీ సర్దుకుంటుంది.

గొంతు తెలిసినంతగా ఆమె మొహం ఎవరికీ తెలియదు. కరోనా వచ్చిన ఏడు అందరితో పాటు పెట్టుకున్న మాస్కును అందరూ తీసి అవతల పారేసినా, సైదమ్మ తీయలేదు. ఎవరైనా అడిగితే "దుమ్ము పడది నాకు" అని ముందుకు వెళ్లిపోయేది. డ్రైవర్లు కూడా అదే నిజమనుకున్నారు. డిపోలో అన్నం తినేటప్పుడు ఒక మూలకు, గోడవైపు తిరిగి కూర్చునేది. ఆమెకు దుమ్ము పడకపోవడం లాంటిదేమీ లేదు. తన పళ్లు ఎవరికీ కనబడకూడదు, అంతే.

సైదమ్మ పుట్టింది పెన్‌పహాడ్ అవతల ఒక చిన్న ఊళ్లో. పిల్లలు నిలవక, జాన్‌పహాడ్ దర్గాలో మొక్కుకున్నాక పుట్టిందని ఆ దర్గా దేవుడి పేరే పెట్టారు. ఆ రోజుల్లో ఊరంతా బోరు నీళ్లే తాగేది. ఆ నీళ్లలో ఫ్లోరైడ్ ఉందని ఎవరో వచ్చి సీసాల్లో పట్టుకుపోయారు గాని, కృష్ణా నీళ్లు నల్లాల్లోకి రావడానికి చాలా ఏళ్లు పట్టింది. అప్పటికే అమ్మ మోకాళ్లు వంగిపోయాయి. సైదమ్మకు పాలపళ్లు ఊడి కొత్తవి వచ్చినప్పుడే వాటి మీద పసుపు, గోధుమ చారలు వచ్చాయి. ఎదిగేకొద్దీ చారలు ముదిరి, ముందు పళ్లు నాలుగూ కాలిన ఇటుక రంగుకు తిరిగాయి.

ఊళ్లో ఉన్నన్నాళ్లు అదొక లోపమని కూడా ఆమెకు తెలియదు. అందరి పళ్లూ అవే. ఎనిమిదో తరగతికి సూర్యాపేట హాస్టల్లో చేరాక మొదటి వారంలోనే తెలిసింది. పక్క మంచం పిల్ల ఏదో అంటే సైదమ్మ నోరారా నవ్వింది. ఆ పిల్ల నవ్వు ఆపి, "బొగ్గుతోని తోముకుంటవా?" అని అడిగింది. మరునాటికల్లా 'గారపండ్ల సైది' అన్న పేరు హాస్టలంతా పాకింది. సైదమ్మ పళ్లపొడితో, ఉప్పుతో, చివరికి ఇటుక రజనుతో తోమి చిగుళ్లు చీల్చుకుంది. చారలు పోలేదు. చేయి మాత్రం నోటి మీదకు రావడం నేర్చుకుంది.

ఆ చేయి దాన్ని తర్వాత ఎప్పుడూ మరిచిపోలేదు. పెళ్లి ఫోటోల్లో ఆమె పెదవులు కుట్టేసినట్టు ఉంటాయి. కండక్టర్ ఉద్యోగం వచ్చిందని తెలిసిన రోజున కూడా కొంగు అడ్డం పెట్టుకునే నవ్వింది. ఉద్యోగంలో చేరాక ఒక చేతిలో టికెట్టు మిషను, ఒక చేతిలో పై కమ్మీ. నోటికి అడ్డం పెట్టుకోవడానికి మూడో చేయి లేదు. అందుకని నవ్వించడమే గాని నవ్వడం మానేసింది. మాస్కు వచ్చాక, దేవుడే పంపినట్టు అనిపించింది.

పోయిన ఏడు జనవరిలో ఒక శనివారం, హుజూర్‌నగర్లో ఎక్కిన ఒకావిడ కోదాడలో అందరూ దిగిపోయాక కూడా దిగకుండా కూర్చుంది. అన్నమ్మ టీచరు. కోదాడలో ముప్పై ఏళ్లు తెలుగు పాఠాలు చెప్పి రిటైరైన మనిషి, ఆ దారిలో అందరికీ తెలుసు. చర్చిలో క్రిస్మస్ నాటకాలు వేయించీ వేయించీ, ఇప్పుడు ఊళ్లో ఆడవాళ్లతో కొత్త నాటకం మొదలుపెట్టింది.

"అమ్మా, ఇదే ఆఖరు స్టాపు" అంది సైదమ్మ.

"తెలుసమ్మా. నీకోసమే కూర్చున్నా" అంది టీచరు. "మేమో నాటకం వేస్తున్నాం. ఆడవాళ్లమే. మన ఒంటి గురించి లోకం ఏమేం అంటదో, మనకు మనం ఏమేం అనుకుంటమో, అది. మార్చిలో సూర్యాపేటలో ప్రదర్శన. నీ గొంతు కావాలి నాకు."

సైదమ్మ మిషనులో లెక్క చూసుకుంటూ, "నాటకాలు నాకెట్ల వస్తయి టీచరమ్మా. నా మొకం నాటకానికి పనికొచ్చే మొకం గాదు" అంది.

"మొహం అక్కర్లేదు. తెర వెనకనుంచి మాట్లాడాలి. జనం అనే మాటలన్నీ నువ్వు అనాలి."

మొహం అక్కర్లేదు అన్న మాట దగ్గర సైదమ్మ తలెత్తింది. ఆమెకు ఆదివారాలు సెలవు. ఒక్కసారి పోయి చూస్తే ఏం పోతుందిలే అనుకుంది.

రిహార్సల్సు కోదాడలో ఒక బియ్యం గోదాములో జరిగేవి. వానాకాలం పంట అమ్ముడుపోయి గోదాము సగానికి పైగా ఖాళీగా ఉంది. అది వైష్ణవి వాళ్లది. వైష్ణవికి ఇరవై నాలుగేళ్లు. ఎంబీఏ చదివి వాళ్ల నాన్న వ్యాపారం చూసుకుంటోంది. లావుగా ఉంటుంది. చురుకైన పిల్ల, హమాలీలతో, లారీ డ్రైవర్లతో గట్టిగా మాట్లాడుతుంది గాని, పెళ్లిళ్లకూ పేరంటాలకూ పోవడం ఎప్పుడో మానేసింది. విస్తరి ముందు కూర్చుంటే చుట్టాలందరూ తన మొహం చూడరు, విస్తరి చూస్తారని ఆమె మొదటిరోజే చెప్పింది. అన్నమ్మ టీచరు ఆ మాటను అట్లాగే నాటకంలో రాసుకుంది.

నాటకం పేరు 'ఈ ఒళ్లు నాదే'. అయిదుగురు ఆడవాళ్లు ఒక్కొక్కరే ముందుకొచ్చి తమ కథ చెప్పుకుంటారు. వాళ్లు మాట్లాడుతుంటే మధ్యలో తెర వెనకనుంచి ఒక గొంతు అడ్డం తగులుతుంటుంది. అది ఊరి గొంతు. "నల్లగున్నది గాని కళ ఉన్నది లే." "కాన్పైనంక పొట్ట దిగలేదేంది?" "మీసాలు మొలుస్తున్నయి, సూస్కోవా?" ఆ మాటలు కాగితం చూసి చదవాల్సిన పని సైదమ్మకు పడలేదు. పదిహేనేళ్లుగా బస్సులో వింటున్నవే. ఏ మాట జాలిగా అంటారో, ఏ మాట నవ్వుతూ పొడుస్తారో, అన్నీ ఆమె గొంతులో ఉన్నాయి. గోనె సంచులు వేలాడదీసి కట్టిన తెర వెనక, మాస్కు తీయకుండానే, ఆమె అంటుంటే ముందున్నవాళ్లకు ఒళ్లు జలదరించేది. తనకు ఇంత బాగా వచ్చే పని ఒకటుందని సైదమ్మకే తెలియదు. ఆదివారం కోసం ఎదురుచూడటం మొదలుపెట్టింది.

గోదాము తాళాలు వైష్ణవి నాయనమ్మ సీతమ్మ దగ్గర ఉండేవి. ఆమె తాళం తీసి, కుర్చీ వేసుకుని, రిహార్సలు అయ్యేదాకా అక్కడే కూర్చునేది. "ఇంట్లో చెప్పుకునేవి స్టేజీ ఎక్కి చెప్పుకోవడమేంటో" అని సణుగుతూనే ఒక్క ఆదివారమూ మానలేదు. ఒకరోజు స్టీలు డబ్బా నిండా సకినాలు తెచ్చి అందరికీ పంచింది. తలా నాలుగు పెట్టుకుంటూ వచ్చి మనవరాలి దగ్గర ఆగింది.

"నువ్వు రెండు చాల్లే" అంది.

వైష్ణవి ఆ రెండూ కూడా తిరిగి డబ్బాలో వేసేసింది. సీతమ్మకు తానేమన్నదో కూడా తెలియలేదు. అన్నమ్మ టీచరు మాత్రం పక్కకు తిరిగి నోటు పుస్తకంలో రాసుకుంది.

తర్వాతి ఆదివారానికి ఆ మాట నాటకంలోకి వచ్చింది. గోదాములో బస్తాలు తూచే పెద్ద కాటాను నాటకం కోసం ముందుకు తోశారు. వైష్ణవి దాని మీద నిలబడి తన కథ చెప్పాలి. మొదటి రెండు వారాలు ఆమె కాటా ఎక్కనే లేదు, పక్కన నిలబడే చెప్పింది. ఆ రోజు ధైర్యం చేసి ఎక్కింది. చెప్తూ చెప్తూ విస్తరి మాట దగ్గరికి వచ్చేసరికి, తెర వెనకనుంచి సైదమ్మ, "నువ్వు రెండు చాల్లే" అంది. అచ్చం సీతమ్మ గొంతు, అదే సాగదీత. మిగతా ఆడవాళ్లు పగలబడి నవ్వారు. కుర్చీలో కూర్చున్న సీతమ్మ తల దించుకుంది.

వైష్ణవి నవ్వలేదు. కాటా దిగి, గోనె తెర పక్కకు లాగింది. సైదమ్మ మాస్కుతో, చేతిలో కాగితాలతో, ఒక బస్తా మీద కూర్చుని ఉంది.

"బాగా అన్నవక్కా" అంది వైష్ణవి. "నేను అందరి ముందు కాటా ఎక్కాను. నువ్వు తెర వెనక, మాస్కు వెనక కూర్చున్నవ్. మొహం దాచుకుంటే ఎవరైనా అంటారు."

బస్సులో ఎంత పెద్ద పేచీకోరుకైనా మాటకు మాట చెప్పే సైదమ్మ, కాగితాలు బస్తా మీద పెట్టి, సంచీ తీసుకుని బయటికొచ్చింది. దారి పొడుగునా వైష్ణవి మీద కోపం తెచ్చుకుందామని చూసింది. రాలేదు. ఆ పిల్ల అన్నదాంట్లో అబద్ధమేమీ లేదు. తనను గారపండ్ల సైది అన్న ఆ హాస్టలు పిల్లలు కూడా దీపం ఆర్పేసినాక దుప్పట్లు కప్పుకునే అనేవాళ్లు.

తర్వాత రెండు ఆదివారాలు ఆమె కోదాడ పోలేదు. టీచరు ఫోను చేస్తే డ్యూటీ పడిందని చెప్పింది.

మూడో ఆదివారం పొద్దున వాకిట్లో కూర్చుని బియ్యం చెరుగుతుంటే, ఆమె భర్త లింగస్వామి చాయ్ పెట్టుకొచ్చాడు. అతను మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లులో హమాలీ. మాట తక్కువ మనిషి.

"ఇయ్యాల గూడ పోవా?" అని అడిగాడు.

"పోను."

"ఎందుకట్ల?"

సైదమ్మ చెరగడం ఆపింది. ఇరవై రెండేళ్ల కాపురంలో అడగని మాట, ఎందుకో అప్పుడు నోట్లోంచి వచ్చేసింది. "ఏమయ్యా, నా పండ్లు ఎన్నడన్న సరిగ్గ సూసినవా?"

లింగస్వామి ఆమె వంక వింతగా చూశాడు. "రోజు సూస్తనే ఉన్న గద."

"రోజెట్ల సూస్తవ్? నేను నోరు తెరిస్తె గద."

"నిద్రల తెరుస్తవ్" అన్నాడు అతను, చాయ్ ఊదుకుంటూ. "నోరంత తెరిసి గురక వెడ్తవ్. పెండ్లైన మూడో రోజే సూసిన."

ఇన్నేళ్లూ సైదమ్మ ఇంట్లో కూడా కొంగు అడ్డం పెట్టుకుని తిరిగింది. "మరి ఎన్నడూ అనకపోతివి?"

"ఏమనాలె?" అని అతను మెడ వెనక చేయి పెట్టి తడుముకున్నాడు. ముప్పై ఏళ్లుగా బస్తాలు మోసి మోసి అక్కడ కోడిగుడ్డంత కాయ కాసింది. "గీ గడ్డ నీకు కనబడతలేదా? నువ్వేమన్న అన్నవా? పనిజేసిన మెడ గిట్ల అయితది. గా నీళ్లు తాగిన పండ్లు గట్ల అయితయి. అండ్ల అనేటిదేమున్నది."

ఆ మాటతో ఆమెకు నవ్వొచ్చింది. చేయి దానంతటదే నోటి మీదకు వెళ్లింది. లింగస్వామి చాయ్ తాగేసి మిల్లుకు వెళ్లిపోయాడు. సైదమ్మ చెరుగుతున్న బియ్యం అట్లాగే చాటలో వదిలేసి, చీర మార్చుకుని బస్టాండుకు నడిచింది.

గోదాములోకి ఆమె వెళ్లేసరికి రిహార్సలు నడుస్తోంది. ఆమె పాత్ర మాటలు టీచరే చదువుతోంది. అందరూ ఆగారు. సైదమ్మ నేరుగా కాటా దగ్గరికి వెళ్లి, మాస్కు తీసి గుప్పిట్లో పెట్టుకుంది.

"నేను గూడ ముందల నిలవడి చెప్త టీచరమ్మా" అంది. "అన్నీ అన్నంక, ఆఖర్ల తెర బయటికొచ్చి నాది నేను చెప్త."

వైష్ణవి దగ్గరికొచ్చి ఆమె నోటి వంక చూసింది. "ఇంతేనా అక్కా? దీనికా ఇన్నేళ్లు దాచుకున్నవ్?"

ఓదార్పుగానే అంది. కానీ సైదమ్మకు అది సూటిగా తగిలింది. "ఇంతేనా అనకు వైష్ణవీ. నీకు ఇంతనే. నేను ముప్పై ఏండ్ల సంది నోరు తెరిసి నవ్వలేదు."

వైష్ణవి మొహం మారింది. "అవునక్కా" అంది. "నన్ను కూడా కొంచెమే లావు, ఇంతేగా, నడిస్తే తగ్గిపోతది అంటారు. నాకు దానికన్నా ఎక్కువ మండేది ఇంకోటి లేదు. మరి నేనే అన్నా."

"నేను నిన్ను అన్నదానికి ఇది చెల్లు" అంది సైదమ్మ. ఇద్దరూ పక్కపక్కన బస్తాల మీద కూర్చున్నారు. సీతమ్మ ఆ రోజు డబ్బా తెచ్చి, దాన్ని మనవరాలి ఒళ్లో పెట్టి, "నువ్వే పంచు" అని పోయి కుర్చీలో కూర్చుంది.

అంతటితో అన్నీ చక్కబడలేదు. మాటలు చెప్పడం సైదమ్మకు తేలికే అయింది. అమ్మ మోకాళ్ల గురించి, హాస్టలు గురించి, ఇటుక రజను గురించి చెప్తుంటే గోదాములో అందరూ దగ్గరకు జరిగి వినేవాళ్లు. చిక్కంతా నవ్వు దగ్గరే. కథ చివర ఆమె నోరు తెరిచి నవ్వాలి. నవ్వు రాగానే కుడిచేయి లేచి నోటికి అడ్డం పడుతోంది. చేతులు వెనక్కి కట్టుకోమన్నారు, నవ్వు రాలేదు. చీర కుచ్చిళ్లు పట్టుకోమన్నారు, వదిలేసి మరీ చేయి లేచింది. పదోసారి కూడా అట్లాగే అయ్యేసరికి సైదమ్మకు కళ్లనీళ్లు వచ్చాయి.

"నావల్ల గాదు టీచరమ్మా. ఇది నా మాట వినది."

అన్నమ్మ టీచరు కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకుంది. "లేవనియ్యి" అంది. "దాన్ని ఆపొద్దు. అది లేస్తది. లేచినాక నువ్వు మెల్లగా దించు. ఎంతవరకు దిగితే అంతవరకే. జనం చూడాల్సింది అదే గానీ, పళ్లు కాదు."

ఆ తర్వాత ప్రతి ఆదివారం చేయి ఒక్కోచోట ఆగేది. ఒకసారి గదవ దగ్గర, ఒకసారి మెడ దగ్గర. ఒకసారి అస్సలు దిగలేదు. చేయి ఎక్కడాగిందో వైష్ణవి చెప్పేది, అందరూ నవ్వేవాళ్లు. ఈ మధ్యలోనే ఒకరోజు సైదమ్మ మిర్యాలగూడలో పళ్ల డాక్టరుకు చూపించుకున్న సంగతి చెప్పింది. తొడుగులు వేస్తే తెల్లగా అవుతాయట. వేయించుకుంటే నాటకం అబద్ధమవుతుందేమోనని ఆమె భయం. టీచరు, "నీ నోరు, నీ ఇష్టం. వేయించుకున్నా తప్పులేదు, మానినా తప్పులేదు. సిగ్గుతో మాత్రం వేయించుకోవద్దు" అంది. సైదమ్మ ఇంకా తేల్చుకోలేదు.

మార్చి రెండో శనివారం సూర్యాపేటలో నాటకం వేశారు. మూడొందల మంది దాకా వచ్చారు. తెర వెనకనుంచి సైదమ్మ ఊరి మాటలన్నీ ఒక్కటీ తప్పకుండా అంది. వైష్ణవి కాటా ఎక్కినప్పుడు వెనక వరుసల్లో ఎవరో కిసుక్కున నవ్వారు. ఆమె ఆగి, అటు చూసి, "నవ్వండి, నేను ఆగుతా" అంది. ఆ తర్వాత ఎవరూ నవ్వలేదు. సైదమ్మ తెర బయటికొచ్చి తన కథ చెప్పి, చివర నవ్వింది. చేయి లేచింది. హాలంతా ఆ చేతినే చూసింది. అది మెల్లగా గదవ దాటి, మెడ దాటి, గుండె మీదికి వచ్చి ఆగింది. ముందు వరుసలో మిల్లుకు సెలవు పెట్టి వచ్చిన లింగస్వామి చప్పట్లు కొట్టడం కూడా మరిచిపోయి కూర్చున్నాడు. అవతల సీతమ్మ పక్కావిడతో, "కాటా మీదున్న పిల్ల మా మనవరాలు" అని చెప్తోంది.

ఏప్రిల్లో సైదమ్మ పుట్టిన ఊరి మహిళా సంఘం వాళ్లు కబురు పంపారు, తమ ఊళ్లో కూడా వేయమని. సాయంత్రం బడి ముందర వేశారు. అక్కడ తెర లేదు, రెండు చీరలు కట్టారు. కాటా తేలేకపోయారు, వైష్ణవి ఒక బెంచీ ఎక్కి అదే కాటా అనుకోమంది. ముందు కూర్చున్న ఆడవాళ్లలో సగంమందివి సైదమ్మలాంటి పళ్లే. నవ్వొచ్చిన ప్రతిచోటా కొంగులు లేస్తున్నాయి.

సైదమ్మ బయటికొచ్చి కథ మొదలుపెట్టి, ఇటుక రజను దాకా వచ్చిందో లేదో, ముందు వరుసలోంచి ఒక మనిషి లేచింది. కాటమ్మ, చిన్నప్పుడు ఆమెతో కలిసి గేదెల వెంట తిరిగిన మనిషి.

"ఓ సైదీ, నువ్వు ఆగు" అంది. "నీ పండ్లకన్న నా పండ్లే ఎక్కువ గార. నేను బొగ్గు తోమిన, బూడిద తోమిన, ఆఖరికి ఆకురాయి వెట్టిన. నేను జెప్త, జరుగు."

కాటమ్మ వంగిన మోకాళ్ల మీద చేతులూనుకుంటూ ముందుకొచ్చి జనం వైపు తిరిగింది. కొంగు నడుముకు చెక్కుకుంది. ఆమె చెప్పడం అయ్యేలోపే ఇంకొకామె లేచింది. ఆమె తర్వాత ఒక కోడలు, ఆ కోడలి అత్త. ఎవరు అన్నారో గాని ఒక మాటకు అందరూ ఒక్కసారి ఘొల్లున నవ్వారు. అందరితో పాటు సైదమ్మ కూడా నవ్వింది. ఆమె చేయి అప్పుడు కాటమ్మ మోచేతిని పట్టుకుని ఉంది.

ఆ రోజు నాటకం చివరిదాకా సాగనే లేదు. అన్నమ్మ టీచరు కాగితాలు మడిచి సంచీలో పెట్టుకుని, వచ్చి ఆడవాళ్ల మధ్యన నేల మీద కూర్చుంది.